ఎడమకాలు

"నువ్వు ఏ కాలితో తంతావ్?" అనడిగింది సెంగా,
చేరిన మొదటి రాత్రే, చేతితొడుగులు ఇస్తూ.
ఎవర్నీ తన్ననమ్మా, అన్నాను.
లాండ్రీ అంతా నవ్వింది, ఆవిరితో సహా.

తర్వాత డెర్మట్ విడమర్చాడు, మూడు టీ విరామాల్లో.
గ్లాస్గోలో అది కాలి సంగతి కాదట.
ఏ బడిలో చదివావు,
ఏ చర్చిలో నీ నెత్తిన నీళ్లు పోశారు,
మ్యాచ్ రోజు మెడకు ఏ రంగు చుట్టుకుంటావు,
అన్నీ ఆ ఒక్క ప్రశ్నలోనే.
ఎడమకాలంటే ఆకుపచ్చ. కుడికాలంటే నీలం.
నాకు మూడు విరామాలు అక్కర్లేకపోయింది.
ఒంగోలు బస్సులో పక్కసీటు పెద్దమనిషి
చేతిలో వేరుశనక్కాయలు పోసి మరీ అడిగేవాడు:
"ఇంతకీ మీరేమిట్లు?"

ఆస్పత్రి దుప్పట్లన్నీ తెలుపే.
గోడమీద నోటీసు: జెండాలు, బ్యాడ్జీలు, జట్టు రంగులు నిషేధం.
కింద ఎవరో పెన్నుతో, "మరి ఆకాశం?"
దాని కింద ఇంకెవరో,
"ఇక్కడ అదెప్పుడు నీలంగా ఏడ్చింది గనక."

నిషేధం కెటిల్ దాకా రాలేదు.
టీ గదిలో రెండున్నాయి, రెండూ తెల్లవే,
ఏది ఎవరిదో అందరికీ తెలుసు.
నేను స్టీలు గ్లాసు తెచ్చుకున్నాను.
మా నాన్న గ్లాసు హోటలు బయట
పందిరి గుంజకు తగిలించి ఉండేది.
తాగి, తనే కడిగి, మళ్లీ తగిలించాలి.
అందుకని నేను సగం ఈ కెటిల్లోంచి, సగం ఆ కెటిల్లోంచి
వంచుకుంటాను.
ఎవరూ ఏమీ అనలేదు. చూశారు.

పెద్ద దుప్పటి మడత ఒక్కరివల్ల కాదు.
ఆ కొస డెర్మట్, ఈ కొస ఆర్చీ బెయిర్డ్.
విదిలించి, ఎదురెదురు నడిచి,
వేళ్లకు వేళ్లు అందించి, వెనక్కి.
గంటకు వందకు పైనే, పందొమ్మిదేళ్లుగా.
తలంబ్రాల పీటలమీద కూడా
ఇద్దరు మనుషులు ఇన్నిసార్లు ఎదురుపడరు.
మ్యాచ్ మర్నాడు మాత్రం మాటలుండవు.
దుప్పటి ఎవరు గట్టిగా విదిలిస్తే
వాళ్లు ఓడిపోయినట్టు.

ఫిబ్రవరిలో ఒక మూటలోంచి జారింది
నీలం మఫ్లరు.
ఏడో వార్డు. నెత్తురు ఎండి అట్టకట్టింది. పేరు లేదు.
ఫోన్ చేస్తే, ఆ మంచం ఖాళీ అయిందన్నారు.
ఎలా ఖాళీ అయిందో మేం అడగలేదు.
రూలు ప్రకారం కాల్చేసే సంచిలో వెయ్యాలి.
ఆర్చీకి ఆ రాత్రి సెలవు.
డెర్మట్ దాన్ని పటకారుతో ఎత్తాడు, పామునెత్తినట్టు.
సంచి దాకా వెళ్లాడు.
తిరిగొచ్చాడు.
సింకులో చన్నీళ్లు పట్టి, ఉప్పేసి,
బొటనవేళ్లతో రుద్దాడు చాలాసేపు,
తిడుతూనే, ఆ జట్టునీ, దాని గోలీనీ,
గోలీ ఏడు తరాలనీ.
ఆవిరి గొట్టం మీద ఆరేశాడు.

మర్నాడు ఆర్చీ దాన్ని చూశాడు. మమ్మల్ని చూశాడు.
"ఉన్నిని అలాగా ఉతికేది? కుదించేశావ్," అన్నాడు.
అంతే. దుప్పటి కొస అందుకున్నాడు.
మఫ్లరు కోసం ఎవరూ రాలేదు.
ఇంకా అక్కడే వేలాడుతోంది, నోటీసుకి జానెడు ఎడంగా.

మార్చిలో మనవాళ్ల ఉగాది, ఒక చర్చి హాలు అద్దెకు తీసుకుని.
పచ్చడి కప్పు చేతికిస్తూ
పట్టు కండువా ఆయన అడిగాడు, ఎంతో మెత్తగా:
ఒంగోలులో ఎక్కడమ్మా?
ఇంటిపేరు?
రైలుకట్టకి ఇవతలా, అవతలా?
నా గొలుసు చివర ఏముందో చూడ్డానికి
కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఎడమకాలండీ," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు.
కాలు నొప్పనుకున్నాడు పాపం,
గబగబా వెళ్లి తన కుర్చీయే లాక్కొచ్చి వేశాడు.
కూర్చున్నాను,
రెండు కాళ్లూ చాపుకుని.